రెండు కొడితే పోనీ

మిలటరీ వాళ్ళు వేలంలో అమ్మేసిన పాత లారీ ఒకటి మా మేనల్లుడు కొన్నాడని తెలిసిన రోజు మా అక్క మధ్యాహ్నం అన్నం తినలేదు. "ఇంట్లో ఒక మిలటరీ చాలదని ఇంకోటి తెచ్చాడ్రా" అని నాకు ఫోనులో చెప్పింది. మాట వేళాకోళంగానే ఉంది గాని గొంతు అలా లేదు.

మేనల్లుడికి రేపల్లె అవతల రొయ్యల చెరువులున్నాయి. వానలు పడితే ఆ గట్ల మీదకి మామూలు లారీ వెళ్ళదు, ఇరుసుదాకా దిగబడిపోతుంది. మేత బస్తాలు కొన్ని ట్రాక్టరు మీద, కొన్ని మనుషుల తలల మీద మోయించుకోవాలి. రొయ్యలు పట్టే పట్టుబడి రోజున ఐసు బండి తారు రోడ్డు మీదే ఆగిపోతే రొయ్య మెత్తబడిపోతుంది. ముందు చక్రాలు కూడా లాగే బండి అయితే ఎంత బురదలోనైనా పోతుందని, అలాంటివి మిలటరీ డిస్పోజల్‌లోనే దొరుకుతాయని ఎవరో చెప్పారు. వెళ్ళి పాడుకుని వచ్చాడు. ఇందులో తన తండ్రి సంగతి వాడు ఆలోచించకుండా చేశాడో, ఆలోచించే చేశాడో అప్పట్లో నాకు తెలియలేదు.

వాడి తండ్రి, మా బావ, మిలటరీలో లారీ డ్రైవరు. పెన్షను తీసుకుని వచ్చాక తెనాలిలో కొన్నిచోట్ల లారీ పనికి కుదిరాడు. ఎక్కడా నిలవలేదు. చేతగాక కాదు. ఆయన గేరు మార్చిన సంగతి పక్కన కూర్చున్నవాడికి తెలిసేది కాదు. కాని నడిచే బండిని ఉన్నట్టుండి ఆపేసేవాడు. ధాన్యం లోడుతో పోతూ పోతూ చేల మధ్య ఆపి, దిగి, వెనక్కి వెళ్ళి తొట్టిలోకి తొంగి చూసి, మళ్ళీ వచ్చి ఎక్కేవాడు. ఏంటి బాబాయ్ అని క్లీనరు అడిగితే "ఎవరో కొట్టారు" అనేవాడు. వెనక బస్తాలు తప్ప ఎవరూ ఉండేవారు కాదు. ఆఖరికి పొన్నూరులో ఒక రైసు మిల్లు యజమాని, మంచివాడే, "మిలటరీ గారూ, మీరు గేటు దగ్గర కూర్చోండి, జీతం అదే ఇస్తాను" అన్నాడు. బావ మిగతా సర్వీసంతా ఆ గేటు దగ్గరే చేశాడు. కాపురం కూడా పొన్నూరులోనే పెట్టాడు. స్టీరింగు మళ్ళీ ముట్టుకోలేదు.

హెవీ లైసెన్సు మాత్రం గడువు తప్పకుండా రెన్యువల్ చేయించుకుంటూనే వచ్చాడు. డాక్టరు సర్టిఫికెట్టు కోసం వెళ్ళే రోజున ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకునేవాడు. "తోలనివాడికి లైసెన్సెందుకండీ, గోడకి తగిలిస్తారా?" అని అక్క దెప్పేది. "తోలనని ఎవరన్నారు?" అనేవాడు.

ఆ కొట్టడం సంగతి ఆయన నాకు ఒక్కసారే చెప్పాడు. అక్కకి కూడా నా ద్వారానే తెలిసింది.

కొండ దారి. ముందూ వెనకా వరసగా బండ్లు. ఈయన బండి తొట్టిలో జవాన్లు. ఒక్కొక్కరిది ఒక్కో రాష్ట్రం, మన వైపు వాళ్ళు ఒక్కరూ లేరు. ఒక మలుపులో వెనక డోరు గొలుసు ఊడింది. అంచున కూర్చున్న కుర్రాడు జారిపోయాడు. తొట్టిలో వాళ్ళు క్యాబిన్ వెనక రేకు మీద కొట్టారు. రెండు దెబ్బలు.

మా బావ పుట్టి పెరిగింది తెనాలి బస్టాండు వెనక సందులో. బస్సులో కండక్టరు గంట ఒకటి కొడితే ఆపాలి, రెండు కొడితే పోనివ్వాలి. లారీ క్లీనరు చేత్తో చరిచినా అంతే. ఎవరూ కూర్చోబెట్టి నేర్పింది కాదిది. రెండు దెబ్బలు వినపడగానే ఆయన కాలు యాక్సిలేటరు మీద ఇంకాస్త నొక్కింది. మళ్ళీ రెండు కొట్టారు. ఏదో తొందరలో ఉన్నట్టున్నారు అనుకుని గేరు మార్చాడు. తొట్టిలో వాళ్ళకి కొట్టడమంటే ఆపమనే. ఎన్నిసార్లు కొట్టామన్నది వాళ్ళ ఊళ్ళలో ఎవరికీ పట్టింపు లేదు.

"నేను ఆగి ఉంటే నా వెనకోడూ ఆగేవాడు" అన్నాడు బావ. వెనక బండివాడికి ఆ మలుపులో కిందపడ్డ మనిషి కనపడలేదు. అంతకంటే ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. విచారణ జరిగిందట. డ్రైవరు తప్పేమీ లేదని రాశారట. "రాశారు" అని ఊరుకున్నాడు.

ఆ తరవాత ఏ బండి నడిపినా ఆయనకి వెనక నుంచి రెండు దెబ్బలు వినపడేవి. వినపడేది తనకొక్కడికేనని ఆయనకి తెలుసు. తెలిసినా కాలు బ్రేకు మీదకి పోయేది. కొడుకు లారీ కొన్నాడని విన్నప్పుడు ఆయన అన్న మాట ఒకటే. "ఎక్కినచోటి నుంచి దిగేచోటిదాకా మధ్యలో ఆపకుండా ఒక్కసారి తోలితే చాలు." కంటిలో పొర వస్తోందని, వచ్చేసారి సర్టిఫికెట్టు ఇవ్వడం కష్టమని డాక్టరు అప్పటికే చెప్పి ఉన్నాడు.

నేను కాలవ లాకుల దగ్గర నీటిమట్టం రాసే ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. కొలత కర్ర మీద నీరు ఎక్కడుందో అక్కడే ఉందని రాయాలి, ఉండాల్సిన చోట ఉందని రాయకూడదు. ఆ అలవాటుతోనే ఇంట్లో డైరీ కూడా రాస్తూ వచ్చాను. మేనల్లుడు అందుకే నన్ను పట్టుకున్నాడు. "మావయ్యా, బండి బాగుచేయించే షెడ్డు మీ ఇంటికి దగ్గర. మేస్త్రి రోజూ ఏం ఊడదీశాడో, ఏం బిగించాడో చూసి రాయండి. లేకపోతే నా బండి సగం ఇంకో బండిలో తేలుతుంది" అన్నాడు.

షెడ్డు తెనాలి నుంచి నందివెలుగు పోయే రోడ్డు మీద ఉంది. లారీని ఇంకో లారీతో లాక్కొచ్చి అక్కడ పెట్టారు. ఎత్తుగా, మొద్దుగా, ముక్కు లేని ముఖంతో ఉంది. ముందు అద్దం రెండు పలకలు. ఒకటి పగిలి సాలెగూడులా ఉంది. క్యాబిన్‌లోకి తలపెడితే తడిసి ఎండిన గోనెసంచి వాసన. మేస్త్రి చుట్టూ ఒకసారి తిరిగి, టైరుని కాలితో తన్ని, "దీన్ని చూస్తే నాకే సెల్యూట్ కొట్టాలనిపిస్తంది బాబాయ్" అన్నాడు. ఆయన మాట్లాడకుండా ఒక నట్టు కూడా విప్పలేడు. చెప్పేవాటిలో సగం నిజాలు.

మామూలు మనుషుల బండికి మిలటరీ పచ్చ ఉండకూడదు. అందుకని ముందు రంగు గీకించారు. పచ్చ కింద ఇసుక రంగు వచ్చింది. దాని కింద ఇంకో పచ్చ, ఇంకా ముదురు. దాని కింద మళ్ళీ ఇసుక రంగు. ఎన్నో చోట్ల తిరిగిన బండి. ఎక్కడెక్కడ తిరిగిందో చెప్పే కాగితం ఒక్కటీ దానితో రాలేదు. తొట్టిలో అడుగు చెక్కల మీద మేకుతోనో కత్తితోనో చెక్కిన అక్షరాలున్నాయి. హిందీవి, అరవానివి, నాకు ఏ భాషో తెలియనివి. ఎక్కువ పేర్లే అయి ఉంటాయి. బావ చెక్కల మీద గొంతుకూర్చుని వాటిని వేలితో తడుముతూ చాలాసేపు ఉన్నాడు. ఆయనకి ఆ లిపులేవీ రావు.

"చెక్కలు పుచ్చిపోయినయ్ నాన్నా, ఇనప రేకు వేయిద్దాం" అన్నాడు మేనల్లుడు.

"వేయించు. ఇవి మాత్రం పారేయకు."

అవి పొన్నూరులో అక్క దగ్గరికి చేరాయి. అక్క వడ్రంగిని పిలిచి వరండాలోకి ఒక బల్ల కొట్టించింది, రాతలున్న వైపు కిందికి పెట్టి. "పొద్దున్నే వాళ్ళందరి మీదా కూర్చుని కాఫీ తాగమంటావా?" అంది.

పని వానాకాలం అయ్యేదాకా సాగింది. పాత ఇంజను మూలిగేది తప్ప లాగేది కాదు. దాన్ని తీసి, మామూలు లారీలకి వాడే కొత్తరకం ఇంజను దించారు. దాని కోసం ఛాసీ మీద పట్టీలు కోసి మళ్ళీ అతికారు. పవర్ స్టీరింగు పెట్టారు. పాతది తిప్పాలంటే లేచి నిలబడాల్సి వచ్చేది. బ్రేకులు మార్చారు, కమాన్లు మార్చారు. మేనల్లుడు ఒకరోజు చిన్న కెమెరా ఒకటి, దాని తెర ఒకటి తెచ్చాడు. కెమెరా తొట్టి కనపడేలా పైన, తెర స్టీరింగు పక్కన బిగించమన్నాడు.

"ఏంట్రా ఇది, టీవీయా?" అన్నాడు బావ.

"వెనక తొట్టి మొత్తం కనపడుద్ది నాన్నా. ఎవరూ లేరని కళ్ళతో చూసుకోవచ్చు."

వాడు ఆలోచించే కొన్నాడని నాకు అప్పుడు తెలిసింది. బావ తెరని తుడిచి చూసి, "కనపడేదానితో నాకు పేచీ లేదురా" అన్నాడు.

ఇంజను కుదురుకున్నాక మొదటిసారి బండిని రోడ్డు మీదకి తీశాం. మేస్త్రి నడుపుతున్నాడు, మధ్యలో బావ, ఈ చివర నేను. నందివెలుగు దగ్గర కాలవ వంతెన ఎక్కి దిగుతుండగా వెనక రేకు మీద దబ్బుమంది. వెంటనే ఇంకొకటి. రెండూ స్పష్టంగా వినపడ్డాయి, అరచేత్తో కొట్టినట్టు.

మేస్త్రి బ్రేకు తొక్కాడు. "ఎవడ్రా వెనకెక్కింది?"

బావ మేస్త్రి వైపు తిరిగాడు. "నీకు వినపడిందా?"

"నాకేమన్నా చెవుడా బాబాయ్? దబదబా బాదితేనూ."

ఆయన నా వైపు తిరిగాడు. అడగలేదు, చూశాడు.

"వినపడింది బావా" అన్నాను.

మేస్త్రి దిగి తొట్టంతా వెతికి, కింద కూడా చూసి, ఎవరూ లేరని వచ్చాడు. అంతసేపూ బావ కదలకుండా కూర్చున్నాడు. తరవాత నవ్వడం మొదలెట్టాడు. నోరు తెరిచి, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. నా పెళ్ళిలో కూడా ఆయన అలా నవ్వలేదు. మేస్త్రి నాకేసి చూసి, ఈయనకేమైందని కళ్ళతోనే అడిగాడు.

ఆ రోజు నుంచి బావ రోజూ పొన్నూరు నుంచి మొదటి బస్సుకి తెనాలి వచ్చేవాడు. బండి బయటికి తీస్తే చాలు, ఎవరో ఒకర్ని ఎక్కించేవాడు. షెడ్డు పక్క టీ కొట్టతన్ని ఎక్కించాడు. చర్చికి పోతున్న ఒక టీచరమ్మని, "అమ్మా, ఆ మలుపుదాకా దింపుతాం ఎక్కండి" అని బతిమాలి ఎక్కించాడు. వంతెన రాగానే దబ్, దబ్. "వినపడిందా అమ్మా?" అని అడిగేవాడు. "వినపడిందండి, ఏంటండి అది?" అని ఆవిడ కంగారుపడితే, "ఏం లేదమ్మా, వినపడిందిగా, అంతే" అనేవాడు. ఎవరికైనా వినపడిందన్న ప్రతిసారీ ఆయన భుజాలు కాస్త దిగేవి. అన్నేళ్ళుగా ఆయన ఎంత బిగబట్టుకుని కూర్చునేవాడో అవి దిగాకే నాకు తెలిసింది.

మేస్త్రికి మాత్రం ఆ చప్పుడు పరువు సమస్య అయింది. ముందు ప్రొపెల్లర్ షాఫ్టు అన్నాడు. విప్పి, గ్రీజు పెట్టి, బిగించాడు. పోలేదు. ఇంజను కింది రబ్బరు దిమ్మలన్నాడు. పోలేదు. ఆఖరికి గొంతు తగ్గించి, "ఇది మన చేతిలోది కాదు బాబాయ్. మిలటరీ బండి, ఎంతమంది ప్రాణం పోయిందో దీంట్లో" అని ముందు బంపరుకి నిమ్మకాయలు, మిరపకాయలు గుచ్చి కట్టాడు. ఆ పూట అక్క షెడ్డుకి కారియర్ తెచ్చింది.

"చెరువు దగ్గర ప్రార్థన చెయ్యడానికి పాస్టరు గారు వస్తానన్నారు. ఈ దండ చూశారంటే బండికి కాదు మేస్త్రీ, నీకు చేస్తారు ప్రార్థన" అంది.

"చెయ్యనీ పిన్నిగారూ. ఎవరి పవర్ పనిచేసినా నాకు చప్పుడు పోతే చాలు."

ఎవరి పవరూ అవసరం కాలేదు. క్యాబిన్‌కి వెనక, తొట్టికి ముందు, స్టెప్నీ టైరుని నిలబెట్టి పట్టుకునే ఇనప చట్రం ఒకటుంది. రంగు వేసేవాడు దాని మూల కడుగుతుంటే పగులు కనపడింది. పాత అతుకు, ఎప్పుడో సగం వీడిపోయింది. బండి పల్లంలో దిగి లేచినప్పుడు టైరు ముందుకి ఊగి రేకుకి ఒకసారి, వెనక్కి వచ్చి మళ్ళీ ఒకసారి తగులుతోంది. మేస్త్రి చేత్తో ఊపి చూపించాడు. దబ్. దబ్.

"ఇంతే బాబాయ్! నేను మొదట్నించీ వెనకే అంటన్నాగా" అన్నాడు.

బావ ఆ టైరు మీద చెయ్యి వేశాడు. "దీన్నిలా ఉండనీ" అన్నాడు.

మేస్త్రి వేళాకోళమనుకున్నాడు. నేను అనుకోలేదు. మేనల్లుడికి ఫోను చేస్తే సాయంత్రానికి వచ్చాడు. అంతా విని, తండ్రిని పక్కకి తీసుకెళ్ళకుండా అందరి ముందే మెల్లగా చెప్పాడు.

"నాన్నా, బురదలో ఊగి ఊగి ఇది ఊడొస్తే? కింద మనిషుంటే?"

వాడు ఆ మాట కావాలని అన్నాడని నేననుకోను. బావ చెయ్యి తీసేశాడు. "వెల్డింగు పెట్టించు" అన్నాడు. నిప్పురవ్వలు లేస్తున్నంతసేపూ ఆయన రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు.

మర్నాడు వంతెన ఎక్కి దిగాం. ఏమీ లేదు. కొత్త ఇంజను హోరు తప్ప ఇంకేమీ లేదు. బావ ముందుకి వంగి, అద్దంలోంచి చూస్తూ అడిగాడు. "ఇప్పుడు?"

"లేదు బావా."

"మేస్త్రీ, నీకు?"

"ఇంకెక్కడిది బాబాయ్, టైరు కట్టుకున్న పెళ్ళాంలా కూర్చుంటేనూ."

తనకి మాత్రం వినపడిందన్న సంగతి బావ మేస్త్రికి తెలియనివ్వలేదు. మర్నాటి నుంచి షెడ్డుకి రావడం మానేశాడు.

"ఒరే తమ్ముడూ, ఈయన వరండాలో బల్ల మీద కూర్చుని ఉంటన్నాడు. పిలిస్తే పలుకుతాడు, పిలవకపోతే లేదు. ఆ బండిలో ఏం పెట్టార్రా మీరు?" అని అక్క ఫోను చేసింది. పెట్టడం కాదు, తీసేశామని చెప్పాను. ఆమెకి అర్థమైందనుకుంటాను.

ఆయన సంగతి ఏమిటో నాకూ బాగానే తెలుసు. వినపడుతున్నంతకాలం ఒంటరిగా విన్నాడు. కొద్ది రోజులు అందరితో కలిసి విన్నాడు. ఇప్పుడు మళ్ళీ ఒంటరిగా వినాలి. మొదట్లో ఉన్న ఒంటరితనం వేరు, ఇది వేరు.

బండికి నీలం రంగు వేశారు. బాపట్లలో ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకి తీసుకెళ్ళి చూపించే రోజున కిరాయి డ్రైవరు తోలాడు. నేను కాగితాలు పట్టుకుని పక్కన కూర్చున్నాను. మేనల్లుడు తన కారులో వెనకే వచ్చాడు. ఇంజను నంబరు, ఛాసీ నంబరు అన్నీ చూసి సరేనన్నారు. బయటికి వచ్చేసరికి చెట్టు కింద బావ నిలబడి ఉన్నాడు, తెల్ల చొక్కాతో. పొన్నూరు నుంచి బస్సులో వచ్చాడు. చొక్కా జేబులో లైసెన్సు కార్డు అంచు కనపడుతోంది.

"ఇక్కణ్ణుంచి చెరువులదాకా నేను తోల్తా" అన్నాడు కొడుకుతో.

మేనల్లుడు నా వైపు చూశాడు. తాళం తండ్రి చేతిలో పెట్టి, కిరాయి డ్రైవర్ని తన కారులో ఎక్కించుకుని ముందు కదిలాడు.

బావ సీటు జరుపుకున్నాడు, అద్దాలు సరిచేసుకున్నాడు. తాళం తిప్పకుండా నాతో అన్నాడు. "నువ్వు నా పక్కనే ఉండు. నాకు వినపడినప్పుడల్లా నిన్నడుగుతా. నువ్వు లేదంటే పోనిస్తా."

"వినపడితే?"

"వినపడిందనే చెప్పు. నన్ను ఓదార్చేవాళ్ళు ఇంట్లో ఉన్నారు. నువ్వు లేనిది రాయవని తెలిసే నిన్ను కూర్చోమంటన్నా."

బాపట్ల దాటేదాకా ఊరి రద్దీలో ఆయన ఏమీ అడగలేదు. గేర్లు కొత్తవి. రెండు మూడుసార్లు తడబడి, తరవాత చెయ్యి కుదిరింది. ఊరి బయట చేలు మొదలయ్యాక, "ఇప్పుడు?" అన్నాడు.

"లేదు."

ఆయన కుడికాలు పెడలు మీద వణకడం నాకు కనపడింది. కాలు తియ్యలేదు. బండి పోయింది. కొంత దూరం పోయాక మళ్ళీ, "ఇప్పుడు?"

"లేదు బావా."

పిట్టలవానిపాలెం దగ్గర రోడ్డంతా ధాన్యం ఆరబోసి ఉంది. పక్కకి తప్పించి తోలుతూ అడిగాడు. ఊళ్ళో స్పీడు బ్రేకర్ దిగుతూ అడిగాడు. ఒకసారి అడిగి, నేను జవాబు చెప్పేలోపే తనే "లేదులే" అనుకున్నాడు. స్టీరింగు పక్కన తెర మీద ఖాళీ తొట్టి కనపడుతోంది; కొత్త ఇనప రేకు మీద ఎండ, ఆ వెనక మా నుంచి దూరంగా పోతున్న రోడ్డు. ఆయన దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. నేనే చూస్తున్నాను. నా పని వినడం. వినడం ఇంత శ్రమ అని నాకు అంతకుముందు తెలియదు. ఇంజను, గాలి, అద్దం అదురు, తాళంచెవి గుత్తి కదలిక, ఒక్కొక్కదాన్నీ విడదీసి ఇది కాదు, ఇది కాదు అని పక్కన పెట్టుకుంటూ కూర్చున్నాను. లాకుల దగ్గర రాత్రి కాపలాల్లో కూడా నీటి చప్పుడుని అంత జాగ్రత్తగా వినలేదు.

చెరుకుపల్లి దాటాక ఆయన అడగడం తగ్గింది. తరవాత ఆగిపోయింది. ముఖం తేటపడింది. ఒక చెయ్యి కిటికీ అంచు మీద పెట్టాడు, పాతకాలం లారీ డ్రైవర్లు పెట్టినట్టు. "ఈ ఇంజను మెత్తగా ఉందోయ్" అన్నాడు. ఇంకాసేపట్లో రేపల్లె. అక్కడ నుంచి చెరువులు దగ్గరే. ఆయన కోరుకున్నది జరగబోతోందని అనుకున్నాను.

అప్పుడు నాకు వినపడింది.

నా వీపు వెనక, రేకు మీద. రెండు దెబ్బలు. రోడ్డు చదునుగా ఉంది. గుంట లేదు, వంతెన లేదు. తెర మీద తొట్టి ఖాళీగా ఉంది.

బావ ముఖం చూశాను. ఏ మార్పూ లేదు. ఆయనకి వినపడలేదు.

నేను ఊరుకుంటే ఆ ప్రయాణం ఆగకుండా పూర్తవుతుంది. ఆయన అడగలేదు కూడా. అడగనిదానికి జవాబు చెప్పాలని మా ఒప్పందంలో లేదు. ఇదంతా ఆలోచించినట్టు ఇప్పుడు రాస్తున్నాను గాని, అప్పుడు అంత వ్యవధి లేదు. లారీ నాలుగు కరెంటు స్తంభాలు దాటి ఉంటుందేమో. వెనక ఎవరో ఆపమంటున్నారు. అది విన్నవాణ్ణి నేను.

"బావా, వినపడింది" అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. "నాకు వినపడలేదే" అన్నాడు.

అయినా సైడు లైటు వేసి, బండిని నిమ్మళంగా పక్కకి తీసి ఆపాడు. దిగాడు. నేనూ దిగాను. ఆయన వెనక్కి నడిచి, డోరు గొలుసులు రెండూ తీసి, డోరుని కిందికి దించాడు. దించి పక్కకి జరిగి నిలబడ్డాడు. పాత రోజుల్లో ఆయన తొంగి చూసేవాడట. ఈసారి తొంగి చూడలేదు. ఒక మనిషి అంచు పట్టుకుని, కాలు కింద పెట్టి, దిగి, బట్టలు సర్దుకునేంతసేపు నిలబడ్డాడు. రోడ్డు మీద ఒక ఆటో మమ్మల్ని దాటిపోయింది. తరవాత ఆయన డోరు ఎత్తి, గొలుసులు తగిలించి, ఒక్కొక్కదాన్నీ లాగి చూశాడు.

"దిగాడు" అన్నాడు.

మళ్ళీ ఎక్కాం. చెరువులదాకా ఆయన నన్నేమీ అడగలేదు. నేను ముందుకి జరిగి, వీపు రేకుకి ఆననివ్వకుండా కూర్చున్నాను.

గట్టు మీద అక్క, పాస్టరు గారు, చెరువు పనివాళ్ళు ఎదురుచూస్తున్నారు. బావ బురదలోంచి బండిని ఒక్క ఊపులో గట్టెక్కించి ఆపితే పనివాళ్ళు చప్పట్లు కొట్టారు. అక్క దగ్గరికి వచ్చి, "మధ్యలో ఆపారా?" అని అడిగింది.

"ఒకసారి" అన్నాడు బావ.

అక్క ముఖం వాడిపోయింది. ఆయనే మళ్ళీ, "ఈసారి నేను కాదే, నీ తమ్ముడు ఆపించాడు" అని నవ్వాడు. పాస్టరు గారు ప్రార్థన మొదలెట్టారు. అందరూ తలలు వంచారు. నేను బండికి అటువైపు వెళ్ళి, స్టెప్నీని రెండు చేతులతో పట్టుకుని ఊపాను. కదలలేదు. ఇంకా గట్టిగా ఊపాను. అతుకు గట్టిది.

పొద్దువాలుతుండగా రేపల్లెలో మేనల్లుడి ఇంటికి బయల్దేరాం. ఇన్నేళ్ళలో భర్త తోలే బండి ఎక్కని అక్క, ఎవరూ చెప్పకుండానే చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని క్యాబిన్‌లోకి ఎక్కింది. ఆమె పక్కన ప్రార్థనకి తెచ్చిన గిన్నెలూ సంచులూ సర్దారు. ముందు నాకు చోటు లేదు. మేనల్లుడి కారు అప్పటికే వెళ్ళిపోయింది. నేను తొట్టిలో ఎక్కాల్సి వచ్చింది. ఒక పనివాడు నాకు మడతకుర్చీ వేసి దిగిపోయాడు.

బావ కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. "ఏమోయ్, ఏమన్నా అయితే కొట్టు" అన్నాడు.

"ఎన్ని కొట్టమంటారు?" అని అడిగాను. మామూలుగానే అడిగాననుకున్నాను. నా గొంతు నాకే వేరుగా వినపడింది.

ఆయన కాసేపు స్టీరింగు వైపు చూశాడు. "ఎన్నైనా కొట్టు. ఆపుతా" అన్నాడు.

బండి కదిలింది. గట్టు మీద ఊగుతూ పోతోంది. క్యాబిన్‌లోంచి అక్క మాటలు, మధ్యలో బావ నవ్వు వినపడుతున్నాయి. తొట్టిలో నేనొక్కణ్ణే. కుర్చీ ఊగినప్పుడల్లా పట్టుకోవడానికి నాకు అందేది క్యాబిన్ వెనక రేకు ఒక్కటే. దాన్ని పట్టుకోలేదు. పొరపాటున కూడా దానికి చెయ్యి తగలకూడదని, రేపల్లె చేరేదాకా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.